ఎక్స్‌రే గది దాటి వెళ్లే చిత్రాల గురించి

శ్రీకాకుళం జిల్లాలో రాత్రివేళ తలకు దెబ్బ తగిలిన మనిషిని ఆసుపత్రికి తెచ్చినప్పుడు, సీటీ స్కాన్ తీసిన కొద్ది నిమిషాలకే ఆ చిత్రం విశాఖపట్నంలోని న్యూరోసర్జన్ ఫోనుకు చేరుతుంది. రోగిని వెంటనే అంబులెన్సు ఎక్కించి జాతీయ రహదారి మీదుగా వంద కిలోమీటర్లకు పైగా తీసుకువెళ్లాలా, ఇక్కడే ఉంచి తెల్లవారే దాకా గమనించాలా అన్న నిర్ణయం చాలాసార్లు ఆ చిత్రాన్ని చూశాకే జరుగుతుంది. సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు వారికి ఆ దూరం ఇంకా ఎక్కువ. రేడియోగ్రాఫర్‌గా ఈ పనిలోనే ఉన్న నాకు, వేళకు చేరిన చిత్రం వల్ల మనిషి బతికిన సందర్భాలు తెలుసు. అందువల్ల చికిత్స కోసం ఫోనులో చిత్రాలు పంపడం మానుకోవాలని నేను అనను.

నేను చెప్పదలచుకున్నది ఆ తరువాతి సంగతి. డాక్టరు గారి జవాబు వచ్చి, రోగి వెళ్లిపోయిన తరువాత కూడా ఆ చిత్రం ఎన్ని ఫోన్లలో మిగిలి ఉంది, దానిని ఎవరెవరు చూశారు, వారిలో ఎంతమందికి చూడవలసిన అవసరం ఉంది అన్న ప్రశ్న మన ఆసుపత్రులలో అరుదుగా వినిపిస్తుంది. వినిపించినా, ‘పేరు తీసేశాము కదా’ అన్న సమాధానంతో ఆగిపోతుంది. పెద్ద నగరంలో ఆ సమాధానం కొంతవరకు చెల్లుతుందేమో గాని, శ్రీకాకుళం, విజయనగరం వంటి చోట్ల చెల్లదు. ఇక్కడ మనిషిని పోల్చుకోవడానికి పేరు అక్కరలేదు. ఫలానా మండలం, ఫలానా రోజు, ఆటో బోల్తా, నలభై ఏళ్ల ఆడమనిషి అన్న నాలుగు మాటలు చాలు, ఆ పూటకే ఊరంతా ఎవరో చెప్పేస్తారు. పేరు చెరిపినంత మాత్రాన మనిషి మరుగున పడడు. చిత్రం చేరవలసిన వారికి మాత్రమే చేరితేనే గోప్యత నిలుస్తుంది.

కొంతకాలం కిందట, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో గాయానికి కట్టు కట్టే ముందు తీసిన ఫోటో ఒకటి సిబ్బంది వాట్సాప్ గ్రూపు నుంచి ఎలాగో బయటపడి, రోగి సొంత ఊరి యువకుల గ్రూపులోకి వచ్చింది. అందులో ముఖం లేదు, పేరు లేదు, ఆసుపత్రి బోర్డు కూడా లేదు. అయినా గంటలోపే ఆమె ఎవరో ఊరివాళ్లు తేల్చారు. గాయం ఎలా తగిలిందన్న దాని మీద ఊహలు మొదలయ్యాయి. ఆమె వైద్యం మధ్యలోనే మానేసి వెళ్లిపోయింది. ఏ గుర్తును బట్టి పోల్చుకున్నారో ఇక్కడ రాయడం లేదు, రాస్తే నేనూ ఆ పనే చేసినవాడినవుతాను. మామూలుగా చెప్పాలంటే, మన పల్లెల్లో ముంజేతి మీది పచ్చబొట్టు, ముక్కుపుడక, పుట్టుమచ్చ, పాత ఆపరేషన్ మచ్చ, కట్టుకున్న చీర, మంచం మీద పరచిన ఇంటి దుప్పటి, పక్కన నిలబడిన బంధువు చేతి గడియారం, వీటిలో ఏ ఒక్కటైనా పేరుకు సమానమే. గాయం ఫోటో తీసేవారు కెమెరాను గాయానికి దగ్గరగా తీసుకువెళ్లి, చుట్టూ శుభ్రమైన ఆసుపత్రి గుడ్డ కప్పి తీస్తే వీటిలో చాలావరకు చిత్రంలోకి రాకుండా ఉంటాయి. కప్పడానికి పట్టే సమయం అర నిమిషం కూడా కాదు.

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతం వారి విషయంలో ఈ ప్రశ్న మరింత బరువైనది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా కుటుంబాలను పీడిస్తోంది. దానికి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఈ ప్రాంతపు కష్టం బయటి ప్రపంచానికి తెలియడంలో పత్రికల ఫోటోలకు, పరిశోధకుల వ్యాసాలకు పెద్ద పాత్రే ఉంది, దానిని నేను తక్కువ చేయను. కానీ డయాలసిస్ మంచం మీద పడుకున్న మనిషి ముఖాన్ని, డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపి ఫిస్టులా వేసిన చేతిని దేశమంతటికీ చూపించే ముందు ఆయనను అడిగారా, అడిగినప్పుడు కాదనగల స్థితిలో ఆయన ఉన్నారా అన్నది నా బాధ. వైద్యం చేస్తున్న చోటనే కెమెరా ఎదురైతే, కాదంటే తన వంతు వెనక్కి పోతుందేమోనని అనుకునే రోగులే ఎక్కువ. ఆపైన పెళ్లి సంబంధాల సంగతి ఉంది. ఇంట్లో కిడ్నీ జబ్బు ఉందని తెలిస్తే కూతురి సంబంధం తప్పిపోతుందని భయపడే తల్లిదండ్రులను చూశాను. అందుకే కాబోలు, ఒక తల్లి కిడ్నీల పనితీరు తెలిపే తన క్రియాటినిన్ రిపోర్టును నేను డాక్టరు గారికి ఫోనులో పంపుతుంటే, ‘బాబూ, ఈ కాయితం మా ఊరోల్ల పోన్లలోకి ఎల్లదు కదా’ అని అడిగింది. రిపోర్టు కాగితాన్ని ఫోటో తీసినా అదీ రోగి చిత్రమేనని, దానికీ ఎక్స్‌రేకు ఇచ్చే జాగ్రత్తే ఇవ్వాలని ఆమెకు ఎవరూ నేర్పలేదు, ఆమెకే తెలుసు.

ఇక చిత్రం లోపల ఏమేమి దాగి ఉంటాయో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే సదుద్దేశంతో పేరు తీసేవారు కూడా ఇక్కడే పొరపడుతున్నారు. సీటీ, ఎమ్మారై, డిజిటల్ ఎక్స్‌రే యంత్రాలు చిత్రాన్ని డైకామ్ అనే పద్ధతిలో భద్రపరుస్తాయి. ఈ ప్రమాణం 1985లో మరో పేరుతో మొదలై, 1993 నుంచి డైకామ్‌గా స్థిరపడింది. ఆ ఫైలులో చిత్రంతో పాటు రోగి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, పుట్టిన తేదీ, పరీక్ష జరిగిన తేదీ, సమయం, ఆసుపత్రి పేరు, పంపిన డాక్టరు పేరు వంటివి వేర్వేరు గళ్లలో నమోదై ఉంటాయి. తెర మీద పేరు కనిపించకుండా చేసినంత మాత్రాన ఆ గళ్లు ఖాళీ కావు. ఫైలును సీడీలోగాని, పెన్‌డ్రైవులోగాని కాపీ చేసి ఇస్తే అవన్నీ దాని వెంటే వెళ్తాయి. సాఫ్ట్‌వేరులో ఉండే అనామకీకరణ సదుపాయంతో ఎగుమతి చేస్తే ఆ గళ్లు చెరిగిపోతాయి గాని, అక్కడా ఒక చిక్కు ఉంది. అల్ట్రాసౌండ్ యంత్రాలు చాలావరకు రోగి పేరును, ఆసుపత్రి పేరును చిత్రం పైభాగంలోనే ముద్రించేస్తాయి. ఆ అక్షరాలు చిత్రంలో భాగమైపోతాయి కనుక గళ్లు చెరిపినా అవి అలాగే ఉంటాయి, కవరు మీది చిరునామా చింపేసి లోపలి ఉత్తరంలో సంతకం వదిలేసినట్టు. కాబట్టి స్కానింగ్ చిత్రాన్ని బోధనకు ఇచ్చేటప్పుడు ఎవరో ఒకరు ప్రతి చిత్రాన్నీ కళ్లతో చూడక తప్పదు.

మన దగ్గర ఇంకా ఎక్కువగా జరిగేది ఫిలిమును వెనుక వెలుగు ఉండే వ్యూ బాక్సు మీద పెట్టి, లేదా మానిటర్‌ను ఎదురుగా పెట్టుకొని ఫోనుతో ఫోటో తీయడం. ఫిలిం మూలలో పేరు, వయసు ఉంటాయి. మానిటర్ పక్క భాగంలో ఆ రోజు పరీక్షలకు వచ్చిన మిగతా రోగుల జాబితా ఉంటుంది. ఒక రోగి కోసం తీసిన ఫోటోలో పదిమంది పేర్లు వెళ్లిపోవడం నేను చూశాను. పేరు మీద ఫోనులోని హైలైటర్ రంగు పూసి పంపేవారున్నారు. ఆ రంగు పలుచనిది, వెలుగు పెంచితే కింది అక్షరాలు తేలిపోతాయి. పూర్తిగా కప్పే నల్లని పెట్టె పెట్టాలి, లేదా ఆ భాగాన్ని కత్తిరించాలి. కత్తిరించడంలోనూ జాగ్రత్త అవసరం. సదస్సులకు పవర్‌పాయింట్ తయారుచేసే డాక్టర్లు చిత్రాన్ని అందులోనే కత్తిరిస్తారు. కత్తిరించిన భాగాలను తొలగించమని ప్రత్యేకంగా ఎంచుకోకపోతే అసలు చిత్రం మొత్తం ఫైలులోనే ఉండిపోతుంది, ఆ స్లైడులు చేతికి అందినవారు ఎవరైనా దానిని మళ్లీ తెరవగలరు. ముందే కత్తిరించి, వేరే ఫైలుగా భద్రపరచి, ఆ కొత్త ఫైలును స్లైడులో పెట్టడమే సరైన పద్ధతి.

తల సీటీ, ఎమ్మారైల విషయం మరొకటి. పలుచని ముక్కలుగా తీసిన చిత్రాలను కంప్యూటరులో కలిపితే చర్మం, ముక్కు, కళ్ల చుట్టూ ఉండే ఆకారం అన్నీ కలిసి ముఖం తయారవుతుంది. అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన 84 మంది తల ఎమ్మారైల నుంచి ఇలా ముఖాలు తయారుచేసి, ముఖాలను పోల్చే మామూలు సాఫ్ట్‌వేరుకు ఇస్తే, 83 శాతం మందిని అది వారి ఫోటోలతో సరిగ్గా కలిపింది. ఆ ఫలితం 2019లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. పరిశోధన కోసం తల చిత్రాల మొత్తం సెట్టు అడిగేవారికి, ముఖభాగాన్ని తొలగించే సాఫ్ట్‌వేరుతో శుభ్రం చేయకుండా ఇవ్వకూడదని నా అభిప్రాయం. ఒకటి రెండు ముక్కలు చాలిన చోట మొత్తం సెట్టు ఎందుకు అడుగుతున్నారన్నది కూడా అడగవలసిన ప్రశ్నే.

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి, పంపే ప్రతి చిత్రం నుంచీ పేరు తీసేయాలని ఎవరైనా అర్థం చేసుకుంటే అది ప్రమాదకరం. బోధనకు, ప్రచురణకు ఇచ్చే చిత్రంలో గుర్తులు ఉండకూడదు. చికిత్స కోసం పంపే చిత్రంలో మాత్రం అది ఎవరిదో తప్పు జరగకుండా తెలియాలి. ఒకే రాత్రి ఇద్దరు తలకు దెబ్బ తగిలినవారు వచ్చి, ఇద్దరి సీటీలూ పేరు లేకుండా ఒకే డాక్టరు ఫోనుకు వెళ్తే, ఒకరికి చెప్పిన సలహా మరొకరికి అమలు కావచ్చు. కుడి, ఎడమల గుర్తు కూడా కత్తిరింపులో పోతే సంగతి ఇంకా విషమిస్తుంది. మేము పాటించే పద్ధతి ఏమంటే, చిత్రం మీద ఆ రోజు రిజిస్టరులో రాసిన వరుస సంకేతం, వయసు, కుడి ఎడమల గుర్తు మాత్రమే ఉంచుతాము. ఆ సంకేతం ఏ రోగిదో రిజిస్టరులో ఉంటుంది, రిజిస్టరు గది దాటదు. డాక్టరు గారికి ఫోను చేసి పేరు, సంకేతం రెండూ నోటితో చెప్పి, ఆయన చేత తిరిగి చెప్పించుకుంటాము. ఆయన సలహాను డ్యూటీ డాక్టరు కేస్ షీటులో రాసుకుంటారు. ఆ తరువాత ఫోనులోని చిత్రం తొలగిస్తాము, అసలు చిత్రం ఎలాగూ సర్వరులో ఉంటుంది.

ఆ ఫోను విభాగానిది, ఎవరి సొంతం కాదు, డ్యూటీ మారినప్పుడు చేతులు మారుతుంది. ఈ ఒక్క ఏర్పాటే నా దృష్టిలో మిగతా అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది. సిబ్బంది సొంత ఫోనులో తీసిన ఫోటో గ్యాలరీలోకి, అక్కడి నుంచి గూగుల్ ఫోటోస్ వంటి చోటికి తనంత తానే చేరుకుంటుంది. ఇంట్లో పిల్లలు ఆటల కోసం ఆ ఫోను తీసుకుంటారు. రిపేరుకు ఇస్తారు, అమ్ముతారు. వాట్సాప్ సందేశాలు 2016 నుంచి మధ్యదారిలో ఎవరూ చదవలేని విధంగా వెళ్తున్న మాట నిజమే గాని, ఆ రక్షణ దారికి సంబంధించినది. రెండు చివరలా ఉన్న ఫోన్లలో చిత్రం తెరిచే ఉంటుంది. దాని బ్యాకప్‌కు కూడా ఆ రక్షణ కావాలంటే సెట్టింగులలో మనమే ఎంచుకోవాలి. మరో సంగతి, మామూలు ఫోటోగా పంపితే వాట్సాప్ చిత్రాన్ని కుదించి, తీసిన స్థలపు వివరాలను తొలగిస్తుంది. స్పష్టత తగ్గుతుందని డాక్యుమెంటుగా పంపేవారు, ఫోనులో లొకేషన్ ఆన్ చేసి ఉంటే, ఆ స్థలపు వివరాలను కూడా పంపుతున్నట్టే. ఆసుపత్రి గ్రూపుల్లో ఉద్యోగం మానేసి వెళ్లినవారి నంబర్లు నెలల తరబడి ఉండిపోవడం మరీ మామూలు విషయం. జీతం లెక్క తేల్చేటప్పుడే నంబరు తొలగించడాన్ని కూడా ఒక అంశంగా పెట్టుకోవచ్చు.

చట్టం ఏమంటుందో క్లుప్తంగా చెబుతాను. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తీర్పు చెప్పింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, తగిన భద్రతా చర్యలు తీసుకోని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా విధించవచ్చని చెబుతోంది. మానసిక చికిత్సాలయాల్లో ఉన్నవారి ఫోటోలను వారి సమ్మతి లేకుండా పత్రికలకు, టీవీలకు ఇవ్వకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం స్పష్టంగా నిషేధించింది. వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది వైద్యుల వృత్తి ప్రవర్తనకు సంబంధించిన 2002 నాటి నిబంధనలలోని ఒక అంశం. రోగి ఎవరో తెలిసిపోయే విధంగా ఫోటోలనుగాని, కేసు వివరాలనుగాని అనుమతి లేకుండా ప్రచురించరాదని అది చెబుతుంది, గుర్తింపు బయటపడనప్పుడు అనుమతి అక్కరలేదని కూడా అంటుంది. అయితే ఎవరికి బయటపడనప్పుడు? ఢిల్లీలోనో చెన్నైలోనో ఆ పత్రిక చదివే డాక్టరుకు ఆ చేయి ఎవరిదో తెలియదు, నిజమే. కానీ గుజరాత్‌లోని వేరావల్ రేవులో పనిచేస్తున్న ఎచ్చెర్ల మత్స్యకారుడికి, హైదరాబాదులో మేస్త్రీ పని చేస్తున్న పాలకొండ యువకుడికి ఆ చిత్రం ఫోనులో కనిపిస్తే, అది తన మేనత్త చెయ్యి అని తెలియడానికి క్షణం పట్టదు. అందుకే ఆ మినహాయింపును మన జిల్లాల్లో వాడుకోకూడదని, గుర్తులు తీసేసిన చిత్రానికి కూడా అనుమతి అడగాలని నేను గట్టిగా నమ్ముతాను.

ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద చేసే చాలా చికిత్సలకు రుజువుగా రోగి ఫోటోలు అప్‌లోడ్ చేయవలసి ఉంటుంది. అది అవసరమైన పనే. అప్‌లోడ్ అయ్యాక, తీసినవారి ఫోనులో మిగిలిపోయిన కాపీ గురించి మాత్రం ఎవరూ అడగరు. ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రలతో, వార్డు సిబ్బందితో మాట్లాడితే చాలామంది వెంటనే ఒప్పుకొని తొలగిస్తారు, వారికి చెడు ఉద్దేశం ఏమీ లేదు. విరాళాల కోసం బంధువులే రోగి ఫోటోను, రిపోర్టులను, బ్యాంకు వివరాలను గ్రూపుల్లో పెట్టడం మరో రకం. కష్టంలో ఉన్న కుటుంబాన్ని నేను తప్పుపట్టలేను. ఆసుపత్రి కాగితం మీద ఫోను నంబరు, చిరునామా, ఆధార్ నంబరు ఉంటే వాటినైనా కప్పి పెట్టమని చెప్పగలను, చెబుతున్నాను.

గోప్యత పేరు చెప్పి రోగికే అతని చిత్రాలు ఇవ్వకపోవడం కూడా కొన్ని చోట్ల జరుగుతోంది. ఇది పూర్తిగా తలకిందులైన వ్యవహారం. అడిగిన 72 గంటలలోపు రోగికి వైద్య రికార్డులు ఇవ్వాలని పైన చెప్పిన 2002 నిబంధనలలోనే ఉంది. ఎక్స్‌రే రోగిది. దానిని పొరుగువారికి చూపించుకోవాలా, బీరువాలో దాచుకోవాలా అన్నది ఆయన ఇష్టం.

ఇక అనుమతి అడిగే తీరు. ఓపీ చీటీ వెనుక ఇంగ్లీషులో అచ్చువేసిన నాలుగు వరుసల కింద వేలిముద్ర వేయించుకోవడాన్ని నేను అనుమతిగా లెక్కపెట్టను. ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి ఒడియా మాత్రమే బాగా వచ్చినవారు వస్తారు, సీతంపేట కొండల నుంచి సవర మాట్లాడేవారు వస్తారు. వారి భాషలో చెప్పగలిగిన మనిషిని పిలిపించడం అనుమతిలో భాగమే. చికిత్స కోసం మరో డాక్టరుకు చూపించడం, విద్యార్థులకు పాఠం చెప్పడం, పత్రికలో ప్రచురించడం మూడు వేర్వేరు విషయాలు, మూడింటికీ వేర్వేరుగా అడగాలి. ఒకదానికి ఒప్పుకొని మిగతావి వద్దన్నవారు ఉన్నారు, వద్దన్నందుకు వైద్యంలో ఏ తేడా ఉండదని అడగడానికి ముందే చెప్పాలి. మైకంలో ఉన్నవారిని, నొప్పితో ఉన్నవారిని ఆ సమయంలో అడగకూడదు, డిశ్చార్జి రోజున అడగవచ్చు. రోగి చనిపోతే కుటుంబంలో ఎవరిని అడగాలన్నది డాక్టరు గారు నిర్ణయిస్తారు గాని, అడగకుండా వాడడం మాత్రం ఉండదు. ఇచ్చిన అనుమతిని రోగి ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు, తీసుకుంటే బోధన కోసం దాచిన ఫైళ్ల నుంచి ఆ చిత్రాన్ని తొలగిస్తాము. పత్రికలో అచ్చయిన తరువాత, ఇంటర్నెట్‌లోకి వెళ్లిన తరువాత దానిని వెనక్కి తేవడం ఎవరి వల్లా కాదు. ఆ సంగతి సంతకం పెట్టక ముందే రోగికి తెలియాలి కనుక, మా అంగీకార పత్రంలో ఆ వాక్యాన్ని సంతకం చోటుకు సరిగ్గా పైన, పెద్ద అక్షరాలలో, తెలుగులోను ఒడియాలోను అచ్చు వేయించాము. చదవలేనివారికి దానిని చదివి వినిపించిన మనిషి కూడా ఆ పక్కనే సంతకం చేస్తారు.